ఏ పచ్చ?

జగ్గయ్యపేటలో నేను పనిచేసిన బట్టలకొట్టును పడగొట్టి, అదే జాగాలో అద్దాల షోరూము కట్టారు. కట్టినవాడు మా షావుకారు కోటయ్యగారి మనవడు. "తాతయ్యగారూ, మీరొచ్చి కాసేపు కూర్చుని వెళ్తే చాలండీ, మాకదే శుభం" అని ఫోన్‌లో బతిమాలితే, సరే పాత రుణానుబంధం కదా అని మొన్న వెళ్ళాను. లోపల చలి. నెత్తిమీద కళ్ళు పొడిచే దీపాలు. మా ఆవిడకు చీర తీసుకుందామని ఒకటి చూశాను. ఉల్లిపొర రంగులా ఉంది, కానీ ఆ దీపాల కింద ఏ రంగు నిజమో ఏ రంగు అబద్ధమో బ్రహ్మకు కూడా తెలీదు. అలవాటు కొద్దీ చీర చేత్తో పట్టుకుని, పగటి వెలుతురులో చూద్దామని గుమ్మం దాటబోయాను. యూనిఫాం వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బిల్లు కట్టలేదు కదా పెద్దాయనా!" అన్నాడు. డెబ్భై దాటిన నన్ను, ఆ గుమ్మంలో వేల చీరలు వెలుతురుకు పట్టి చూపించినవాణ్ణి, చీరల దొంగని చేసేశాడు వెధవ! మనవడు వచ్చి లెంపలు వేసుకున్నాడనుకోండి. కానీ ఆ కొట్లో నేను కాలుపెట్టిన మొదటిరోజు గుర్తొచ్చి, కూల్‌డ్రింకు తాగమన్నా తాగకుండా వచ్చేశాను.

మాది నందిగామ. మా నాన్న బడిపంతులు. ఊళ్ళో అందరూ ఆయన్ను 'విడమరుపు పంతులుగారు' అనేవాళ్ళు, వెనకాల. ఎందుకంటే ఎవరేం మాట్లాడినా "కాస్త విడమరిచి చెప్పవయ్యా" అనడం ఆయన అలవాటు. "రేపొస్తా పంతులుగారూ" అంటే "రేపు పొద్దున్నా, సాయంత్రమా?" "కూర పంపిస్తా" అంటే "ఏం కూర?" మా అమ్మ కూడా ఆ బాధ పడలేక చచ్చేది. తెల్లారేసరికి అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లి, పిడకల దాలిలో పాలకుండ పెట్టి, తిరగలి ముందు కూర్చునేది. మెట్ట ప్రాంతం కదా, వరన్నం పండక్కీ చుట్టాలకీ, మిగతారోజులు జొన్నన్నమే. పచ్చజొన్నలు విసురుతుంటే ఒకలాంటి కమ్మటి పిండివాసన లేచేది. దాంట్లో దాలి పొగ, నాన్న ముక్కుపొడి ఘాటు కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఈ వయసులో కూడా ఎక్కడైనా ముక్కుపొడి వాసన తగిలితే వీపు దానంతట అదే నిటారుగా అవుతుంది.

నందిగామకు రైలు లేదు. జగ్గయ్యపేటకూ లేదు. రైలు చూడాలంటే మధిర పోవాలి. మా మేనత్తది ఆ ఊరే. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి రోజంతా స్టేషన్లోనే ఉండేవాణ్ణి. తెల్లకోటు వేసుకుని, ఒక చేతిలో ఎర్రజెండా, ఒక చేతిలో ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడ్డ స్టేషన్‌మాస్టరు చెయ్యి ఊపితే అంతపెద్ద ఇంజను కూతపెట్టి కదిలిపోవడం చూసి, బతికితే ఇట్టా బతకాలి అనుకున్నాను. ఎస్సెల్సీ పాసై, రైలు ఉద్యోగానికి రాతపరీక్ష రాసి అందులో నెగ్గాను. అసిస్టెంటు స్టేషన్‌మాస్టరు! ఇక మిగిలింది డాక్టరీ పరీక్షే. రాయిలా ఉన్నాను, నాకేం రోగం? అంతా అయిపోయినట్టే అనుకున్నాం. నాన్న, ఏనాడూ ఎవరిముందూ పొంగిపోనివాడు, గాంధీసెంటరులో టైలరు దగ్గరకు తీసుకెళ్ళి పెద్ద జేబులతో తెల్ల డ్రిల్లుకోటు కుట్టించాడు. "ఏ గుండీలు పెట్టమంటారు పంతులుగారూ?" అని వాడడిగితే "ఇత్తడివి. మెరిసేవి" అని విడమరిచి మరీ చెప్పాడు. వీధిలో పిల్లలు నన్ను చూసి కూత పెట్టేవాళ్ళు. పైకి కసిరినా లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుండేది.

డాక్టరీ పరీక్ష బెజవాడలో. బరువు చూశారు, ఛాతీ కొలిచారు, అక్షరాలు చదివించారు. అన్నీ బాగానే అయ్యాయి. ఆఖరున ఒక గదిలోకి పంపారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చీకటి చేశారు. ఆ చివర ఒక లాంతరు, దానికి చిన్న కన్నం. కన్నంలో ఒక్కో రంగు దీపం కనపడుతుంది, అదేం రంగో చెప్పాలి. డాక్టరుగారిది అరవదేశం. మంచాయన. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడుతుంటే, "భయం వద్దు తంబీ, తెలుగులోనే చెప్పు, నాకు తెలుగు వచ్చును" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. మొదటి దీపం వెలిగింది. "పచ్చ" అన్నాను. తర్వాతది ఎరుపు. ఆ తర్వాతది ఆకుపచ్చ. మళ్ళీ మొదటి దీపమే. "పచ్చ" అన్నాను. ఆయన ఆగి, "బాగా చూడు తంబీ, నిదానంగా చూసి చెప్పు" అన్నారు. నేను బాగా చూసి, ఇంకాస్త గట్టిగా, "పచ్చేనండీ" అన్నాను. మరోసారి తిప్పి చూపించారు. మరోసారి అదే చెప్పాను. చీకట్లో ఆయన నిట్టూర్పు వినపడింది. బయటికి వచ్చాక గుమాస్తా నా పేరు పిలిచి, "అన్‌ఫిట్. నీకు రంగులు తెలీవటయ్యా" అన్నాడు. పోనీ రంగులతో పనిలేని కొలువేదైనా ఉందా అని అడిగే తెలివి కూడా లేకపోయింది నాకు. బస్సులో నందిగామ దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చెట్లు ఆకుపచ్చగానే ఉన్నాయి. మట్టి ఎర్రగానే ఉంది. మరి నాకు తెలియందేమిటి?

ఇంటికొచ్చి చెబితే అమ్మ నమ్మలేదు. లోపలికెళ్ళి ఏవేవో గుడ్డలు పట్టుకొచ్చింది. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ముందే నన్ను నిలబెట్టింది. "ఇదేం రంగురా?" "ఎరుపు." "ఇది?" "నీలం." పసుపులో ముంచి ఆరేసిన పంచెముక్క చూపించి "ఇది?" అంది. "పచ్చ." అమ్మ గబుక్కున నాన్న వైపు తిరిగింది. "సరిగ్గా చెబుతున్నాడు కదండీ! పచ్చని పచ్చ అనే అన్నాడు. ఆ డాక్టరుకే కళ్ళు లేవేమో!"

నాన్న ముక్కుపొడి పట్టుకున్న వేళ్ళు ముక్కుదాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "నువ్వూ నేనూ చూస్తే తేలేదా? అంత చదువుకున్నాయన, యంత్రం పెట్టి చూశాడు. ఇంట్లో పరీక్ష ఇంట్లో పనికొస్తుంది" అన్నాడు. అన్నాక పీల్చకుండానే ఆ పొడి నేలమీద రాల్చేశాడు.

ఆ తర్వాత నెలల తరబడి నేనెట్టా బతికానో నాకే తెలీదు. నలుగురూ నవ్వినందుకు కాదు, నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. నేను చూసే ఎరుపు, లోకం చూసే ఎరుపు ఒకటేనా? అమ్మ నుదుటి బొట్టు రంగు నాకు కనిపించినదేనా, లేక పుట్టినప్పటినుంచీ పొరపాటునే చూస్తున్నానా? కంచంలో పప్పు చూసి భయం, పెరట్లో బంతిపూలు చూసి భయం. వీధిలో పిల్లలు కూతపెట్టడం మానేసి, ముందుకొచ్చి తువ్వాలు ఊపి "మాస్టారూ, ఇదేం రంగు?" అని అడగడం నేర్చుకున్నారు. పగలు బయటికి పోవడం మానేశాను. ఒకసారి మునేరు ఒడ్డున కూర్చుని, నీళ్ళ రంగేమిటో చెప్పుకోలేక వెక్కివెక్కి ఏడ్చాను. దూకితే పోదా అనుకున్నాను కూడా. మునేట్లో ఆ ఏడు మోకాలిలోతు నీళ్ళే. చావడానిక్కూడా రాసిపెట్టి ఉండాలి. ఏడ్చి ఏడ్చి లేచి, బట్టలకంటిన ఇసుక దులుపుకుని ఇంటికి పోయాను.

నాన్నే ఒకరోజు నన్ను బస్సెక్కించి జగ్గయ్యపేట తీసుకెళ్ళాడు. ఎక్కడికని అడగలేదు, చెప్పలేదు. కోటయ్యగారు ఒకప్పుడు నాన్న దగ్గర చదువుకున్నాడట. గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి దణ్ణం పెట్టాడు. నాన్న కూర్చోకుండానే, "కోటయ్యా, మావాడికి ఏదన్నా పనివ్వాలి. ముందే చెబుతున్నా, వీడికి రంగులు తెలీవు" అన్నాడు.

కోటయ్యగారు నన్ను ఎగాదిగా చూసి, "భలేవారే పంతులుగారూ! రంగులు తెలీని పిల్లగాణ్ణి తెచ్చి బట్టలకొట్లో పెట్టమంటారేందండీ? చెప్పులు తెలీనోణ్ణి చెప్పులకొట్లో పెట్టినట్టుంటది" అని పకపకా నవ్వాడు. నాన్న నవ్వలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరిముందూ తల వంచని మనిషి. అది చూసి కోటయ్యగారి నవ్వు ఆగిపోయింది. "సర్లెండి. తెల్లగది ఉందిగా. ఆడ తెలుపు తప్ప ఇంకో రంగుండదు. ఏమబ్బాయ్, తెలుపన్నా తెలుసా?" అన్నాడు. "తెలుసండీ" అన్నాను.

తెల్లగది అంటే కొట్టు వెనకభాగం. పంచెలు, తువ్వాళ్ళు, మల్లుగుడ్డ, లాంగ్‌క్లాతు. గంజివాసన, కోరాగుడ్డ వాసన. ముందుగదిలో రంగురంగుల చీరలు పరుచుకుని ఆడవాళ్ళు కిలకిలలాడుతుంటే, నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది బేరమాడనివాళ్ళు. కళ్ళు ఉబ్బి, జుట్టు రేగి, "బాబూ, ఒక మనిషికి సరిపడా" అని మాత్రం అనేవాళ్ళు. ఏం మనిషి, ఎంత ఎత్తు అని అడక్కుండానే కొలిచి ఇవ్వడం నేర్చుకున్నాను. ఇరవయ్యేళ్ళు రాకుండానే చచ్చినవాళ్ళకు గుడ్డ చింపే ఉద్యోగం నాది. ఇంట్లో తెల్లకోటు పెట్టెలో ఉంది, ఇక్కడ నా చుట్టూ తెల్లగుడ్డలున్నాయి. దేవుడు నాతో వెటకారమాడుతున్నాడని మనస్ఫూర్తిగా నమ్మాను.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక మధ్యాహ్నం చందర్లపాడు నుంచి ఒకావిడ పట్టుచీర తెచ్చి, దానికి జాకెట్టుగుడ్డ కావాలని అడిగింది. ముందుగదిలో గుమాస్తాలు తానులన్నీ పడేశారు. ఏదీ కలవలేదు. ఆవిడ విసుక్కుని లేస్తుంటే, గడప దగ్గర నిలబడ్డ నేను నోరు జారాను. "అది వంగపండు రంగు కాదండీ, నేరేడుపండు రంగు. పై అరలో ఉంది."

అందరూ నావైపు తిరిగారు. కోటయ్యగారు ఆ గుడ్డతాను తీయించి చీరమీద పరిచి, రెండూ పట్టుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళి ఎండలో పెట్టి చూశాడు. కలిసిపోయాయి. ఆవిడ వెళ్ళాక నన్ను పిలిచి ఒక గుడ్డముక్క ముందుపెట్టి, "ఇదేం రంగు?" అన్నాడు. అంతే, నాకు ముచ్చెమటలు పోశాయి. చీకటిగది, లాంతరు, ఆ నిట్టూర్పు. చెప్పలేకపోయాను. కోటయ్యగారు గొంతు తగ్గించి, "పేరు చెప్పమాకురా అబ్బాయ్. నాకు పేరు అక్కర్లా. దీనికి జత తీసుకురా, చాలు" అన్నాడు.

తెచ్చాను. ఇంకోటి ఇచ్చాడు, తెచ్చాను. సాయంత్రం సాంబ్రాణి వేసేదాకా అట్టా ఇస్తూనే ఉన్నాడు. ఒక్కటి తప్పలేదు. "ఎవడన్నాడ్రా నీకు రంగులు తెలీవని!" అన్నాడు. సంతోషం రాలేదు నాకు, భయమేసింది. ఇది కూడా ఎప్పుడో తప్పని తేలుతుందని, మళ్ళీ గెంటేస్తారని. మర్నాడు నన్ను ముందుగదిలో కూర్చోబెట్టాడు. ఆ గది ఆచారాలు కొన్ని ఉండేవి. చీరను దీపంకింద అమ్మకూడదు, గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో చూపించాలి. ఎవరైనా పచ్చ అడిగితే చీర తియ్యకూడదు, ముందు "ఏ పచ్చమ్మా?" అని అడగాలి. ఆకుపచ్చా, పసుపుపచ్చా, చిలకపచ్చా? "పచ్చనేది మాటకాదురా, సగం మాట" అనేవాడు కోటయ్యగారు. రోజుకు పదిసార్లు ఆ ప్రశ్న అడిగేవాణ్ణి. అడుగుతూ కూడా నాకు తట్టలేదు. ఎంత మొద్దునో చూడండి.

ఏళ్ళు గడిచాయి. పేటలో పెళ్ళంటే రంగులు కలపడానికి నన్నే పిలవాలి అనేదాకా వచ్చింది. పెళ్ళి చేసుకున్నాను, పేటలోనే కాపురం. కానీ నాన్నకు నేను చేసే పనేమిటో విడమరిచి చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయన లెక్కలో నేనింకా తెల్లగదిలోనే ఉన్నాను. నెలకో ఆదివారం నందిగామ వెళ్తే, భోజనం చేసి, వసారాలో ఎదురెదురుగా కూర్చుని వానల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

అట్టాంటి ఒక ఆదివారం, వాకిట్లో వెలుతురుకు ఎదురుగా కూర్చున్న నాన్నను చూశాను. కళ్ళ తెలుపులో ఏదో తేడా. చాలా లేత. గంధం నీళ్ళలో కలిపినంత. "నాన్నా, నీ కళ్ళు పచ్చగా ఉన్నాయి. డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

అమ్మ వచ్చి చూసి, "నాకేం తేడా కనపడటంలా" అంది.

నాన్న నవ్వాడు. ఎగతాళి కాదు, జాలి. "నీకు రంగులేం తెలుసురా నాయనా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నేను గట్టిగా వాదించాల్సింది. వాదించలేదు. ఆయన మాట నిజమేనేమో అనిపించింది నాకు, ఒట్టు! అన్ని వేల చీరలు కలిపినవాణ్ణి, కన్నతండ్రి ఒక్కమాట అనేసరికి మళ్ళీ ఆ చీకటిగదిలో నిలబడ్డాను. సాయంత్రం బస్సెక్కి పేటకు వచ్చేశాను.

తర్వాత కొద్దివారాలకు సేలం నుంచి ఏజెంటు మాణిక్కం సరుకు తెచ్చాడు. కిందటిసారి వచ్చినప్పుడు శ్రావణమాసానికి పచ్చచీరలు కావాలని నేనే ఆర్డరు చెప్పాను. పసుపురంగువి అని నా ఉద్దేశం. మూటలు విప్పితే అన్నీ ఆకుల్లా నిగనిగలాడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా ఇది? నేను పచ్చ చెప్తే నువ్వు ఆకుపచ్చ తెచ్చావే!" అని అరిచాను.

మాణిక్కం బిత్తరపోయి, "పచ్చ అడిగినారే సార్! ఇదో పచ్చై! మా అరవంలో పచ్చై అంటే ఇది ఒకటే సార్. ఆకు రంగు" అన్నాడు. పక్కన బల్లమీద ఉన్న పసుపు చీర తీసి చూపించి, "ఇది పచ్చై కాదు, ఇది మంజళ్. మీరు దీన్ని కూడానా పచ్చ అంటారు?" అని ఆశ్చర్యపోయాడు.

మూటమీదే కూలబడ్డాను. డాక్టరుగారిది అరవదేశం. నేను పసుపు దీపాన్ని పచ్చ అన్నాను. పచ్చన్నా ఆకుపచ్చన్నా ఆయనకు ఆకు రంగే వినపడింది. మళ్ళీ చూడమంటే మళ్ళీ పచ్చేనన్నాను, ఇంకా గట్టిగా. ఆయన ఇంగ్లీషులోనే చెప్పమని ఉంటే ఎల్లో అని ఏడ్చేవాణ్ణి. దయతలిచి తెలుగులో చెప్పమన్నాడు, ఆ దయే నా కొంప ముంచింది. ఇప్పటి పిల్లలకు ఈ గొడవ లేదు. వాళ్ళు ఎల్లో అంటారు, గ్రీన్ అంటారు, పచ్చ అన్నమాటే వాళ్ళ నోట రాదు. ఒకవేళ ఫెయిలైనా ఊరుకోరు, ఎందుకు ఫెయిల్ చేశారని ఎదురడుగుతారు, మళ్ళీ పరీక్ష పెట్టమంటారు. మేం అడగలేదు. పెద్దవాళ్ళు కాదంటే కాదు అంతే. నా కళ్ళు నావి కావని ఎవరో చెబితే ఇన్నేళ్ళు నమ్మాను. మాణిక్కం భయపడి నీళ్ళు తెప్పించాడు. కోటయ్యగారు "ఏందిరా, ఏమైందిరా?" అని భుజాలు పట్టి ఊపుతున్నాడు. అప్పటికి ఉద్యోగానికి వయసెప్పుడో దాటిపోయింది. అయినా ఒక మనిషికి ఈ సంగతి చెప్పాలి. లేచి ఉన్నపళంగా నందిగామ బస్సెక్కాను.

ఇల్లు చేరేసరికి నాన్న మంచంలో ఉన్నాడు. ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. కళ్ళు, గోళ్ళు, అరచేతులు అన్నీ ఒకే రంగు. అమ్మ కామెర్లకిచ్చే నేలఉసిరి పసరు గ్లాసుతో పక్కనే కూర్చుని, నన్ను చూడగానే భోరుమంది. డాక్టరు వచ్చి చూసి, కాలేయం చెడింది, చాలా ముదిరాక చూపించారు అన్నాడట. నేను మంచంపట్టె మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. లాంతరు, మాణిక్కం, మంజళ్, అంతా. మధ్యలో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

నాన్న వాసాలవైపు చూశాడు. "అయితే నీ కళ్ళు మంచివేనన్నమాట" అన్నాడు.

"మంచివే నాన్నా."

"ఆ ఆదివారం కూడా..." అని ఆగిపోయాడు. "నన్ను వెలుతురుకు తిప్పు."

అమ్మా నేనూ కలిసి మంచాన్ని గుమ్మానికి ఎదురుగా తిప్పాం. ఎండ ఆయన ముఖంమీద పడింది. కళ్ళు పెద్దవి చేసి నావైపు చూశాడు, బళ్ళో పిల్లవాణ్ణి లేపి నిలబెట్టి చూసినట్టు.

"చెప్పు. ఏం రంగు?"

"పచ్చ నాన్నా."

"ఏ పచ్చ?"

ఆ ప్రశ్న అడిగే మనిషి కోసమే నేను ఇన్నేళ్ళూ బతికానేమో అనిపించింది. "పసుపుపచ్చ" అన్నాను.

"ఆఁ. అట్టా విడమరిచి చెప్పాలి" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "పాసయ్యావురా" అన్నాడు.

శ్రావణం రాకుండానే పోయాడు. ముందే చూపిస్తే బతికేవాడేమో, ఏమో, చెప్పలేను. ఆయనకు గుడ్డ కోటయ్యగారి తెల్లగదిలోనిదే. వేరేవాళ్ళు కొలుస్తామన్నా వద్దని నేనే కొలిచాను. కొలిచి, అలవాటు కొద్దీ గుమ్మంలోకి తెచ్చి, వెలుతురులో ఒకసారి పట్టి చూశాను.